గట్టి కర్ర, సన్న రంపం: మందపాటి చెక్కకి ఏ స్క్రోల్ సా బ్లేడు?

ఈ వారం ఎపిసోడ్ స్క్రోల్ సా బ్లేడ్ల గురించి. కారు నడుపుతూనో, షిఫ్టుకి బస్సులో వెళ్తూనో వినేవాళ్ళు నంబర్లు రాసుకోలేరు కదా. అందుకని ఆడియోలో చెప్పిన లెక్కలన్నీ కారణాలతో సహా ఇక్కడ పెడుతున్నాను. మాటకి మాట ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పట్లాగే విడిగా ఉంది. ఇది మాత్రం పక్కన పెట్టుకుని పని చేసుకోడానికి.

స్క్రోల్ సా ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం ఒక్క ముక్క. కుట్టు మిషన్ గుర్తు తెచ్చుకోండి. సూది ఉన్నచోట దారంలాంటి సన్న రంపం బ్లేడు, పైనా కిందా బిగించి ఉంటుంది. మోటారు దాన్ని కిందికీ పైకీ ఆడిస్తుంది. గుడ్డని తిప్పినట్టే చెక్కని చేత్తో తిప్పుతూ కోస్తాం. దేవుడి గదికి జాలీ, పేరు పలక, పిల్లల పజిల్, ఇలాంటి వంపుల పనికి దీన్ని మించింది లేదు. పెద్ద శబ్దం రాదు, మూల కాస్త చోటు చాలు. ఇక్కడ సన్నీవేల్‌లో మనవాళ్ళు గరాజ్ మూలలో దీన్ని పెట్టుకోడానికి కారణం అదే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, అర అంగుళం చెక్క మీద వెన్నలా నడిచిన మెషిన్ అంగుళంన్నర గట్టి చెక్క పెట్టేసరికి మొండికేస్తుంది. కోత నల్లగా కాలుతుంది, బ్లేడు గీత తప్పుతుంది, ఇంకాస్త తోస్తే టప్పున తెగుతుంది. "మంచి బ్లేడు ఏదండీ?" అని మీలో చాలామంది అడిగింది దీని గురించే.

ముందు పొట్టి జవాబు. అంగుళం దాటిన గట్టి కర్రకి 7, 9, 12 నంబర్లలో ఒకటి తీసుకోండి. పిన్ను లేని రకం, స్కిప్ టూత్ రకం, వీలైతే సానపట్టి పళ్ళు తీసిన రకం. నంబరు పెరిగేకొద్దీ బ్లేడు లావు. మెషిన్ వేగం తగ్గించండి, బ్లేడు తొందరగా మార్చేయండి. ఇంతే. కానీ ఎందుకో తెలిస్తేనే రేపు వేరే కర్ర దొరికినప్పుడు మీకు మీరే తేల్చుకోగలరు. కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

పొట్టు ఎటు పోతుంది?

రంపం చేసే పనులు రెండు. ఒకటి కర్రని గీకడం, రెండోది గీకిన పొట్టుని బయటికి మోసుకుపోవడం. పలచటి చెక్కలో రెండో పని దానంతటదే జరిగిపోతుంది. మందం చెక్కలో అసలు తంటా అక్కడే.

చాలా స్క్రోల్ సాల్లో బ్లేడు ఆట, అంటే ఒకసారి కిందికి దిగే దూరం, ముప్పావు అంగుళం దగ్గర ఉంటుంది. 19 మిల్లీమీటర్లు. చెక్క మందం 12 మిల్లీమీటర్లే అయితే, లోపలున్న ప్రతి పన్నూ ప్రతి ఆటలో చెక్క దాటి బయటికి వస్తుంది, పొట్టు దులుపుకుని మళ్ళీ లోపలికి పోతుంది. అదే 45 మిల్లీమీటర్ల చెక్క అనుకోండి. మధ్యలో ఉన్న పన్ను 19 మిల్లీమీటర్లు దిగుతుంది, మళ్ళీ పైకి పోతుంది. అది బయటి గాలి చూడనే చూడదు. అది గీకిన పొట్టు కింద ఉన్న పళ్ళ సందుల్లోకి చేరి, అంచెలంచెలుగా బయటపడాలి.

ఆ సందులు ఇరుకైతే ఏమవుతుంది? పొట్టుతో నిండిపోతాయి. నిండాక పన్ను కర్రని తాకదు, పొట్టు మీదే రుద్దుకుంటుంది. రుద్దుడుకి వేడి పుడుతుంది. వేడికి కర్ర కాలుతుంది, కర్రలో జిగురు ఉంటే కరిగి బ్లేడుకి అంటుకుంటుంది, బ్లేడు మొద్దుబారుతుంది. మొద్దుబారిందని మనం ఇంకా తోస్తాం. తోస్తే బ్లేడు మధ్యలో విల్లులా వంగుతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. 2 నంబరు లాంటి సన్న బ్లేడుకి అంగుళానికి సుమారు 20 పళ్ళు. 45 మిల్లీమీటర్ల చెక్కలో ఒకేసారి 35 పళ్ళు దిగి ఉంటాయి. 9 నంబరుకి అంగుళానికి సుమారు 11.5 పళ్ళు, అంటే చెక్కలో 20 పళ్ళే. మనం తోసే బలం ఒక్కటే. దాన్ని 35 పళ్ళు పంచుకుంటే ఒక్కోదానికి గీకేంత బలం అందదు, రాసుకుంటూ పోతాయి. 20 పళ్ళే పంచుకుంటే ఒక్కోటీ కర్రలో దిగి ముక్క తీస్తుంది. గట్టి కర్రకి సన్న పళ్ళు కావాలని మనసుకి అనిపిస్తుంది గానీ, మందం పెరిగేకొద్దీ పళ్ళు తగ్గాలి, సందులు పెరగాలి.

నంబర్లు ఎలా చదవాలి

పిన్ను లేని బ్లేడ్లు దాదాపు అన్నీ 5 అంగుళాల పొడవే. మామూలుగా దొరికే నంబర్లు 2/0 నుంచి 12 దాకా. కంపెనీని బట్టి కొలతలు కొద్దిగా మారతాయి గానీ ఉజ్జాయింపుగా ఇలా ఉంటాయి.

5 నంబరు: వెడల్పు ఒక మిల్లీమీటరు, మందం 0.4 మిల్లీమీటరు, అంగుళానికి 12.5 పళ్ళు.
7 నంబరు: వెడల్పు 1.2, మందం 0.43, అంగుళానికి 11.5 పళ్ళు.
9 నంబరు: వెడల్పు 1.35, మందం 0.46, అంగుళానికి 11.5 పళ్ళు.
12 నంబరు: వెడల్పు 1.6, మందం 0.6, అంగుళానికి 9.5 పళ్ళు.

వెడల్పు పెరిగితే లాభం, బ్లేడు వెనక్కి వంగదు, గీత తిన్నగా పోతుంది. నష్టం, చిన్న మలుపు తిరగదు. 12 నంబరుతో తులసి ఆకు అంచు కోయాలంటే కుదరదు. అందుకని బ్లేడు ఎంచుకునే ముందు మీ డిజైన్‌లో అన్నిటికన్నా చిన్న మలుపు ఏదో చూడండి. ఆ మలుపు తిరగగలిగిన బ్లేడ్లలో అన్నిటికన్నా లావుది తీసుకోండి. డిజైన్ మీదే అయితే మూలలు కాస్త గుండ్రం చేసేయండి, పని సగం తేలికవుతుంది.

మందాన్ని బట్టి నేను మొదలుపెట్టే చోటు ఇది. అర అంగుళం దాకా 3 లేదా 5. ముప్పావు అంగుళానికి 5 లేదా 7. అంగుళం నుంచి అంగుళంన్నర దాకా 7 లేదా 9. రెండంగుళాలకి 9 లేదా 12. చాలా మెషిన్లకి రెండంగుళాలే హద్దు. తిన్నటి కోతలే అయితే అంత మందాన్ని దీని మీద పెట్టకండి, బ్యాండ్ సా దగ్గరికి తీసుకెళ్ళండి.

పళ్ళ రకాలు

స్కిప్ టూత్: ఒక పన్ను, ఒక ఖాళీ. బోసినోరు పెద్దాయన నవ్వినట్టు ఉంటుంది. పొట్టు బాగా మోస్తుంది, వేడి తక్కువ. మందపాటి కర్రకి నా మొదటి ఓటు దీనికే.

డబుల్ టూత్: రెండు పళ్ళు, ఒక ఖాళీ. కోత కాస్త నునుపు, వేగం కాస్త తక్కువ. ముప్పావు అంగుళం దాకా బాగుంటుంది.

రివర్స్: పళ్ళన్నీ కిందికి చూస్తుంటే, అడుగున కొన్ని మాత్రం పైకి చూస్తాయి. చెక్క కింది అంచు చీలకుండా, పేళ్ళు లేవకుండా ఇవి కాపాడతాయి. మందపాటి కర్రలో ఇవి పొట్టుని కొంత వెనక్కి పైకి నెడతాయి, అదో ఇబ్బంది. బిగించేటప్పుడు బ్లేడు పైకి లేచినప్పుడు రెండు మూడు తిరగేసిన పళ్ళే టేబుల్ పైన కనబడాలి. అంతకన్నా ఎక్కువైతే చెక్కని ఎగరేస్తుంది.

క్రౌన్ టూత్: పైకీ కిందికీ రెండు వైపులా కోస్తుంది. నునుపు బాగుంటుంది గానీ నెమ్మది. పైకి వచ్చేటప్పుడు చెక్కని లేపుతుంది కాబట్టి గట్టిగా పట్టుకోవాలి.

స్పైరల్: మెలితిప్పిన బ్లేడు, ఏ వైపుకైనా కోస్తుంది. పలచటి చెక్క మీద బొమ్మలకి సరే. మందపాటి గట్టి కర్రలో కోత వెడల్పుగా, గరుకుగా వస్తుంది, గీత మీద నిలవదు. ఈ పనికి వద్దు.

ఇవి కాక పళ్ళు ఎలా తీశారన్నది ఒకటుంది. మామూలు బ్లేడ్లకి ఒక పక్క సన్నటి అంచు మిగిలిపోతుంది. అందుకే అవి ఎప్పుడూ ఒక పక్కకి లాగుతాయి, మనం చెక్కని కాస్త వాలుగా తొయ్యాలి. సానపట్టి తీసిన పళ్ళకి ఈ లాగుడు తక్కువ, పదును ఎక్కువ, ధర కూడా ఎక్కువే. స్విట్జర్లాండ్‌లో తయారయ్యే పెగాస్, జర్మనీలో తయారయ్యే ఫ్లయింగ్ డచ్‌మన్, అమెరికాలో కనెక్టికట్ కంపెనీ ఓల్సన్ ఈ రంగంలో తెలిసిన పేర్లు. ఏ కంపెనీ అన్నదానికన్నా ఏ రకం, ఏ నంబరు అన్నది ముఖ్యం.

మెషిన్ పిన్ను బ్లేడ్లే పట్టేదైతే మీకు దొరికే రకాలు తక్కువ. కొన్ని మెషిన్లు రెండూ పడతాయి. కొనకముందే అది చూసుకోండి.

కర్ర ఎంత గట్టిది?

కర్ర గట్టిదనం కొలవడానికి జాంకా పరీక్ష అని ఉంది. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండుని సగం దాకా కర్రలోకి దింపడానికి ఎంత బలం కావాలో చూస్తారు. అమెరికాలో దాన్ని పౌండ్లలో చెప్తారు. బ్లాక్ చెర్రీ 950, వాల్‌నట్ 1010, వైట్ ఓక్ 1360, హార్డ్ మాపుల్ 1450. పడౌక్, రోజ్‌వుడ్, పర్పుల్‌హార్ట్ మాపుల్‌ని దాటిపోతాయి.

అయితే ఈ అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. చెర్రీ అంకె తక్కువే, కానీ కాలడంలో దానిదే మొదటి పేరు. టేకు మాపుల్ కంటే మెత్తన, కానీ దానిలో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, బ్లేడు పదును తినేస్తుంది. సన్నీవేల్ ఒకప్పుడు పళ్ళతోటల ఊరు, ఎల్ కామినో రియల్ పక్కన ఓల్సన్ కుటుంబం 1899లో మొదలెట్టిన చెర్రీ వ్యాపారం పేరు ఇక్కడ అందరికీ తెలుసు. ఎవరి పెరట్లోనో కొట్టేసిన చెర్రీ కొమ్మ ఉచితంగా దొరికిందని సంబరపడితే, ముందు దాన్ని బాగా ఆరబెట్టండి, తర్వాత వేగం తగ్గించి కోయండి.

మన దగ్గర బొమ్మలు చేసేవాళ్ళు మెత్తని కర్రనే వెతుక్కున్నారు. కొండపల్లి వాళ్ళది తెల్ల పొణికి, ఏటికొప్పాక వాళ్ళది అంకుడు కర్ర. ఇంటికి వాడే కర్ర వేరు. గడపకి, ద్వారబంధానికి చేవ ఉన్న కర్ర కావాలి. నూరేళ్ళు తొక్కినా అరగకూడదు. స్క్రోల్ సాకి కష్టం పెట్టేది ఈ రెండో జాతే.

ఒక గడప, నాలుగు ముక్కలు

పైన చెప్పిందంతా ఒక పనికి ఎలా ఉపయోగపడిందో చెప్తాను. ఆడియోలో 20 నిమిషాలు మాట్లాడింది దీని గురించే.

సన్నీవేల్‌లోనే ఉండే మన శ్రోత ఒకాయన. ఊరు ప్రకాశం జిల్లాలో. అక్కడ పాత ఇల్లు పడగొట్టినప్పుడు గడపలోంచి ఒక ముక్క కోయించి తెచ్చుకున్నారు. నల్లమద్ది. 30 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల మందం. బెరడు లేదు, పురుగు లేదు, కస్టమ్స్ ఫారంలో రాసి చూపించి మరీ తెచ్చారు. పై ముఖం మీద ఏళ్ళ తరబడి రాసిన పసుపు ఇంకా ఉంది.

వాళ్ళు నలుగురు. పెద్దన్నయ్య మస్కట్‌లో ఫర్నిచర్ వర్క్‌షాపులో వడ్రంగం చేస్తారు. అక్క ఒంగోలు. మూడో ఆయన ఈయన. చెల్లెలు డాలస్. ముక్కని నాలుగు భాగాలు చేసి నలుగురికీ ఇవ్వాలి, కానీ ఎప్పుడైనా నలుగురూ కలిస్తే ఆ భాగాలు మళ్ళీ ఒకదాంట్లో ఒకటి కూర్చుని గడప కావాలి. అంటే పజిల్ కోత. పాడైతే మళ్ళీ తెచ్చుకోడానికి అక్కడ ఇల్లు లేదు.

పజిల్ కోతకి పెద్ద శత్రువు బ్లేడు వంగడం. పైనా కిందా గీత సరిగ్గానే కనబడుతుంది, లోపల మాత్రం కోత బొజ్జలా ఉబ్బుతుంది. అప్పుడు ముక్క ఒక వైపు నుంచే వస్తుంది, లేదా అసలు రాదు. కాబట్టి ఈ పనిలో నునుపు కన్నా నిలువు ముఖ్యం.

మొదటి పని, అదే మందం హార్డ్ మాపుల్ ముక్క తెచ్చి దాని మీద అదే డిజైన్ కోసి చూశాం. 5 నంబరుతో కోత కాలింది, ముక్క బిగుసుకుపోయింది. 12తో కోత నిటారుగా వచ్చింది కానీ బుడిపె మెడ దగ్గర మలుపు తిరగలేదు. 9తో మలుపు తిరిగింది, ముక్క పైనుంచీ కిందినుంచీ జారి వచ్చింది. నంబరు అలా తేలింది.

తర్వాత రివర్స్ పళ్ళా, మామూలు స్కిప్ పళ్ళా అన్నది. పసుపు ముఖం మీద డిజైన్ కాగితం అతికిస్తే పసుపు కాగితంతో ఊడొస్తుంది. అందుకని కాగితం వెనక ముఖం మీద అతికించి, పసుపు ముఖం కిందికి పెట్టాం. అంటే చీలితే చీలేది ఆ మంచి ముఖమే. కాబట్టి రివర్స్ పళ్ళున్న 9 తీసుకున్నాం. టేబుల్ ఇనుము రాసుకోకుండా కింద పాత క్యాలెండర్ అట్ట వేశాం. పొట్టు వెనక్కి రాకుండా మెషిన్‌కి ఉన్న గాలి గొట్టం నేరుగా కోత మీదికి తిప్పాం.

మేకులు ఉన్నాయేమో అయస్కాంతంతో ఒళ్ళంతా తడిమాం. పాత గడపలో తోరణం మేకు విరిగి లోపలే ఉండిపోవడం మామూలే. ఒక్క మేకు తగిలితే బ్లేడు పని అయిపోతుంది.

అప్పుడు వీడియో కాల్‌లో మస్కట్ నుంచి పెద్దన్నయ్య చూశారు. డిజైన్ చూడలేదు, కర్ర చివర చూపించమన్నారు. "ఒరేయ్, చేవ ఎటు పోయిందో చూడు. ఆ మూల తెల్లగా ఉందే, అది మెత్తన. నీ రెండో గీత సగం చేవలో, సగం మెత్తదాంట్లో పోతోంది. రంపం మెత్తవైపుకి లాక్కుపోతుంది. గీత ఇటు జరుపు" అన్నారు. జరిపాం. ఇంకో మాట కూడా అన్నారు: "రంపం ఏడుస్తుంటే తొయ్యకూడదు. ఎందుకేడుస్తోందో చూడాలి." ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే అది పెట్టుకోండి.

మూడు కోతలకి ఆరు బ్లేడ్లు వాడాం. ఒక్కో కోత కొత్త బ్లేడుతో మొదలెట్టి, బుడిపె దాటాక మెషిన్ ఆపి, బ్లేడు పై కొస వదులు చేసి తీసేసి, అదే కోతలోంచి ఇంకో కొత్తది దూర్చాం. నాలుగు ముక్కలూ పైనుంచీ కిందినుంచీ జారి వస్తున్నాయి. ఒంగోలు ముక్క ఎవరో వెళ్తుంటే చేతికిచ్చి పంపారు. మస్కట్ ముక్క ఇంకా ఇక్కడే ఉంది, పెద్దన్నయ్య దాన్ని ఒంగోల్లోనే తీసుకుంటానన్నారు.

కోసే ముందు మెషిన్ సర్దుకోవడం

టేబుల్ మూలమట్టం. టేబుల్‌కీ బ్లేడుకీ మధ్య 90 డిగ్రీలు ఉండాలి. చిన్న మూలమట్టం పెట్టి చూడండి. ఇంకా నమ్మకంగా తేలాలంటే, మందపాటి చెక్క అంచులో చిన్న గాటు పెట్టండి. మెషిన్ ఆపి, చెక్కని బ్లేడు వెనక వైపుకి తిప్పి, ఆ గాటు బ్లేడు వెనక అంచు మీదికి సులువుగా జారుతుందేమో చూడండి. జారకపోతే టేబుల్ వాలింది. పలచటి చెక్కలో ఒక డిగ్రీ తేడా కనబడదు. 45 మిల్లీమీటర్లలో ఒక డిగ్రీ అంటే అడుగుకి వచ్చేసరికి 0.8 మిల్లీమీటరు పక్కకి.

బిగువు. వదులు బ్లేడే ఎక్కువ తెగుతుంది, ఎక్కువ వంగుతుంది. వేలితో మీటితే తంబూరా తీగలా స్పష్టంగా, సన్నగా మోగాలి. పక్కకి నెడితే మూడు మిల్లీమీటర్లు మించి కదలకూడదు.

వేగం. చాలా మెషిన్లు నిమిషానికి 400 నుంచి 1700, 1800 ఆటల దాకా పోతాయి. గట్టి కర్రకి 900 నుంచి 1200 మధ్య పెట్టండి. వేగం తగ్గితే వేడి తగ్గుతుంది, పొట్టుకి బయటపడే తీరిక దొరుకుతుంది.

టేపు, మైనం. డిజైన్ మీద ప్యాకింగ్ టేపు గానీ పెయింటర్స్ టేపు గానీ అతికించి కోస్తే కాలడం బాగా తగ్గుతుంది. మైనం ముక్కని బ్లేడుకి అప్పుడప్పుడూ తాకించడం కూడా పనిచేస్తుంది.

బ్లేడు ఎప్పుడు మార్చాలి

అంగుళంన్నర గట్టి కర్రలో ఒక బ్లేడు 10, 15 నిమిషాలు బాగా కోసిందంటే దాని రుణం తీరినట్టే. తెగే దాకా ఆగకండి. తోసే బలం పెరిగినా, కోతలోంచి కాలిన వాసన వచ్చినా, గీత మీద నిలపడం కష్టమైనా మార్చేయండి. డజన్ల లెక్కన కొంటే బ్లేడు చౌక, కర్ర చౌక కాదు. మనం ఊరినుంచి తెచ్చుకున్న కర్రకైతే ధరే లేదు.

ముక్కుకి గుడ్డ చాలదు

గట్టి కర్రల పొట్టు మహా సన్నం. కర్ర పొట్టుని క్యాన్సర్ కలిగించే వాటిలో మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చేర్చింది. రోజ్‌వుడ్, పడౌక్ లాంటివి కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఆయాసం తెస్తాయి. ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు, బ్లేడు దగ్గర వ్యాక్యూమ్ గొట్టం, ఇవి మూడూ ఉండాలి. గల్ఫ్‌లో, సింగపూర్‌లో రోజూ వర్క్‌షాపుల్లో పనిచేసే తమ్ముళ్ళకి కూడా ఇదే చెప్తున్నాను. మాస్కు అడగడానికి మొహమాటపడకండి.

మీరు అడిగిన ప్రశ్నలు

"ఊరినుంచి ఎర్రచందనం ముక్క తెచ్చుకోవచ్చా?" వద్దండి. ఎర్రచందనం 1995 నుంచి సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, కాగితాలు లేకుండా దేశం దాటించడం నేరం. రోజ్‌వుడ్ జాతి మొత్తం 2017లో అదే జాబితాలోకి వచ్చింది. ఎర్రటి కర్రే కావాలంటే ఇక్కడ కలప దుకాణంలో ఆఫ్రికా పడౌక్ అడగండి. ఎర్రచందనానికి అది దగ్గరి చుట్టం, రెండూ టెరోకార్పస్ ప్రజాతివే. బ్లేడు 7 లేదా 9 స్కిప్.

"అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, మెషిన్ కొనే చోటు లేదు." మేకర్‌స్పేస్ అని సభ్యత్వం కట్టి పనిముట్లు వాడుకునే చోట్లుంటాయి. 2006లో మెన్లో పార్క్‌లో మొదలైన టెక్‌షాప్ 2017 నవంబరులో మూతపడింది. ఆ తర్వాత సన్నీవేల్‌లో మేకర్ నెక్సస్ వచ్చింది. మీరున్న ఊళ్ళో ఏముందో కనుక్కోండి. చేరేముందు స్క్రోల్ సా ఉందా, పిన్ను లేని బ్లేడు పడుతుందా అని అడగండి. బ్లేడ్లు మాత్రం మీవే తీసుకెళ్ళండి, అక్కడ బిగించి ఉన్నది ఎవరు ఎంత వాడారో తెలీదు.

"తిరిగి వెళ్ళిపోతున్నాం, ఇండియాకి ఏం తీసుకెళ్ళాలి?" అమెరికా మెషిన్ 120 వోల్టులది, అక్కడ 230. మోసుకెళ్ళడం దండగ. బ్లేడ్లు మాత్రం 5 అంగుళాలవే కాబట్టి పిన్ను లేనివి పట్టే మెషిన్ ఏదైనా ఇవి పడతాయి. మూడు నాలుగు డజన్లు చెకిన్ బ్యాగులో పెట్టుకోండి, చేతి బ్యాగులో వద్దు. తుప్పు పట్టకుండా కొద్దిగా నూనె చేయి రాసి, మూత బిగుతుగా ఉండే గొట్టంలో నంబరు రాసి పెట్టండి.

"మొదటిసారి కొంటున్నా, ఒక్క రకమే చెప్పండి." మందపాటి గట్టి కర్రకే అయితే 7 నంబరు స్కిప్ రివర్స్ ఒక డజను, 9 నంబరు ఒక డజను. పారేసే మాపుల్ ముక్క ఒకటి కొనుక్కుని ముందు దాని మీద కోయండి. ముక్క పైనుంచీ కిందినుంచీ జారి వస్తే మీ బ్లేడు, మీ టేబుల్, మీ చెయ్యి మూడూ సరిగ్గా ఉన్నట్టే. అప్పుడు అసలు కర్ర తియ్యండి.